తన్నే కాలు, పట్టే చెయ్యి

మా తిరుమల్ కాలు మీద ఒక అమెరికా కోచ్ కన్ను పడ్డది. కన్ను పడుడు అంటే మంచిది కాదు. పాలిచ్చే బర్రె మీద పడ్తె బర్రె ఎండిపోతది. పచ్చని చేను మీద పడ్తె పురుగు తగులుతది. పిలగాని కాలు మీద పడ్తె ఏమైతదో, అన్నం వండినా బట్టలు పిండినా అదే ఆలోచన.

మా ఆయన భూమేష్‌కు చెప్తె, సైటు బూట్లు ఇప్పుకుంట, "మంచిదే కదనే" అన్నడు. అంతే. ఇంకో మాట మాట్లాడే ఓపిక లేదు ఆయనకు. స్టేడియం కట్టే ఒక కంపెనీల సేఫ్టీ సూపర్‌వైజర్. ఏది ఊడి ఎవరి మీద పడ్తదో, ఎవడు బెల్టు పెట్టుకోకుండ మీదికెక్కిండో పొద్దుందాక చూసుకుంట తిరుగుడే ఆయన డ్యూటీ. భయపడినందుకు ఆయనకు కంపెనీ జీతమిస్తది. నేను ఇంట్ల ఉత్తగనే భయపడ్త.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఇంకా మూడేండ్లు ఉందనంగ ముచ్చట ఇది. దోహా అంతా తవ్వి పెట్టిన్రు. నిన్న పోయిన తోవ ఇయ్యాల మూసేసి ఉంటుండె. మేం ఐన్ ఖాలిద్‌ల, ఒక పెద్ద విల్లాను చెక్కలతోని ముక్కలు ముక్కలు చేసి కిరాయికిచ్చిన కాడ ఒక ముక్కల ఉంటుంటిమి. మాది మెట్‌పల్లి దిక్కు. నేను పదో తరగతి దాక చదివిన. తిరుమల్ ఒక్కడే కొడుకు. ఇక్కడి ఇండియన్ స్కూల్ల పన్నెండో తరగతి, స్కూలు ఫుట్‌బాల్ టీముల గోల్‌కీపర్.

పన్నెండు అయిపోతే ఇక్కడి మనోళ్ల పిల్లలు ఇండియాకు పోవుడే. ఇక్కడి కాలేజీల ఫీజు మా అసొంటోళ్లు అడగను కూడ అడగరు. తిరుమల్‌ను హైదరాబాద్ హాస్టల్ల ఏద్దామనుకున్నం. అనుకున్న దినం నుంచి నాకు హాస్టల్ మేడ మీది పిట్టగోడ, సిటీ బస్సు ఫుట్‌బోర్డు, బాత్రూముల కరెంటు హీటరు, డెంగీ దోమ, అన్నీ ఒకదాని వెనుక ఒకటి కండ్లల్ల మెదులుడు షురువైంది.

ఇగ గప్పుడు వచ్చిండు ఈ కోచ్. స్కూళ్ల పోటీల మావోడు గోల్ కాడ నిలబడి తన్నిన బంతి అవుతలి గోల్ దాక పోయిందట. అది చూసిండట. ఎడ్యుకేషన్ సిటీ దిక్కు ఒక అమెరికా కాలేజీ ఉన్నది, దాని టీముకు ఆయన కోచ్. ఆటకు పనికొస్తే ఫీజు లేకుండ సీటు ఇప్పిస్త, ఇంటికొచ్చి తల్లిదండ్రులతోని మాట్లాడుత అన్నడట. సీటు దొరికితే పిలగాడు నా కండ్ల ముందరనే ఉంటడు. కాని ఆడాలె. ఆడితే కాలు ఇరుగుతది. ఇటు హాస్టలు, అటు కాలు. ఏ దిక్కు చూసినా నాకు ఆసుపత్రే కనవడ్డది.

శుక్రవారం నాడు కోచ్ ఇంటికి వచ్చిండు. మా తలుపుల పట్టనంత మనిషి, వంగి లోపలికొచ్చి మంచం అంచుకు కూసున్నడు. మంచం కిర్రుమన్నది. ఆయన వెంట తల్హా అని ఒక పిలగాడు. ఆ కాలేజీలనే చదువుతడు, ఆ టీములనే ఆడ్తడు. వాళ్ల నాయిన లియాఖత్ అలీ రాస్ లఫాన్‌ల గ్యాసు ఫ్యాక్టరీల షిఫ్టు డ్యూటీ చేస్తడు, ఉండుడు అల్ ఖోర్. సొంతూరు నిజామాబాద్. తల్హా మనలెక్కనే తెలుగు మాట్లాడితే నా పానం కొంచెం కుదుటపడ్డది.

"ఆంటీ, పేరు ఫుట్‌బాలే గని ఈ అమెరికా ఆట వేరే ఉంటది" అన్నడు తల్హా. "అందరు బంతిని చేతుల పట్టుకొని ఉరుకుతరు. ఉరికేటోన్ని పట్టి కింద పడేస్తరు. కాలుతోని తన్నేటోడు టీముకు ఒక్కడే. ఇప్పుడు మా టీముల తన్నేటోడు చదువు అయిపోయి పోతుండు. కోచ్ సాబ్‌కు ఇప్పుడు కాలు కావాలె."

"మనిషి అక్కర లేదా, కాలు ఒక్కటే కావాల్నా?" అన్న నేను.

తల్హా నవ్విండు గని కోచ్‌కు చెప్పలె.

"మరి తన్నేటోన్ని కూడ కింద పడేస్తరా?"

"లేదు లేదు. ఆయన్ను ముట్టుకోవద్దు. ముట్టుకుంటే తప్పు. రెఫరీలు పసుపు గుడ్డ ఇసిరేస్తరు."

"ఎవరి మీద?"

"ఎవరి మీద కాదు ఆంటీ, నేల మీద. తప్పయింది అని గుర్తు."

"కాలు ఇరిగినంక ఇసురుతరా, ఇరగకముందు ఇసురుతరా?"

"అమ్మా!" అన్నడు తిరుమల్, మొహం ఎర్రగ చేసుకొని. మా ఆయన గోడకు ఒరిగి కండ్లు మూసుకున్నడు. నిద్రపోయిండో, సిగ్గుపడ్డడో.

నేను ఏమడిగిననో చెప్పుమని కోచ్ తల్హాను గెలికిండు. తల్హా ఏం చెప్పిండో గని ఆ పెద్దమనిషి నవ్వలె. నా దిక్కు తిరిగి మెల్లగ మాట్లాడిండు. ఇన్నేండ్లల్ల తన కాడ తన్నేటోనికి కాలు ఇరిగింది ఒక్కసారే అని, అది కూడ హాస్టల్ మెట్ల మీద జారితే అని తల్హా చెప్పిండు. హాస్టల్ మెట్లు!

సర్వపిండి పెట్టిన. కారానికి కోచ్ మొహం ఎర్రబడ్డది, ముక్కు తుడుసుకున్నడు, ఇంకొకటి అడిగి తిన్నడు. పోయేటప్పుడు రెండు బంతులు, బంతిని నిలబెట్టే ఒక చిన్న ప్లాస్టిక్ పీట ఇచ్చి, ఎట్ల సాధన చెయ్యాల్నో తల్హాతోని చెప్పించిండు. ఆట నడుమల గోల్ కొట్టాలంటే పీట పెట్టనియ్యరు, బంతి నేల మీద ఊకె నిలబడదు. ఒకరు మోకాలు మీద కూసొని, బంతిని నిలువుగ నిలబెట్టి మీదికెళ్లి ఒక్క వేలుతోని ఆనించి పట్టాలె. తన్నేటోడు ఉరికొచ్చి తన్నాలె. కొన్ని వారాల తర్వాత గ్రౌండ్‌ల ఆయన ముందట చేసి చూపియ్యాలె. నచ్చితే సీటు.

"ఆ వేలు?" అని అడిగిన.

"వేలుకు ఏం గాదు ఆంటీ. మా టీముల పట్టేటోన్ని నేనే" అని తల్హా పది వేళ్లూ చూపించిండు.

ఆ బంతులు కోడిగుడ్డును రెండు దిక్కుల పట్టి గుంజినట్టు ఉన్నయి. ఇంట్లకు కొత్త వస్తువు ఏదొచ్చినా బొట్టు పెట్టుడు నాకు అలవాటు. మిక్సీకి పెట్టిన, మా ఆయన హెల్మెట్‌కు పెట్టిన, వీటికీ పెట్టిన.

"అమ్మా, బొట్టు పెట్టినదాన్ని తన్నాల్నా?" అని తిరుమల్ తల పట్టుకున్నడు.

"మొక్కి తన్ను" అన్న.

విల్లా వెనుక లారీలు నిలిపే ఇసుక జాగ ఉండె. పొద్దుమూకే ముంగట అక్కడికి పోయేది. ప్లాస్టిక్ పీట మీద బంతి పెట్టి తన్నితే ఫట్టుమని పేలినట్టు సప్పుడయ్యేది. బంతి ఆ కొసకున్న గోడ మీదికెళ్లి పోయేది. పీట మీద బాగనే ఉన్నది. కాని పట్టేటోళ్లు కావాలె గద. దోస్తులంతా పరీక్షల ట్యూషన్లల్ల ఉన్నరు. మొదటి దినం మా ఆయన పట్టిండు. సైటు నుంచి వచ్చి, ఇసుకల మోకాలు మీద కూసొని, బంతి మీద వేలు పెట్టి, పెట్టినట్టే కునుకు తీసిండు. తిరుమల్ ఉరికొచ్చి ఆగిపోయి "డాడీ" అని లేపిండు. ఇగ ఆయన్ను రానియ్యలె.

నేనే పట్టిన.

చున్నీ నడుముకు చుట్టుకొని, ఇసుకల మోకాలు ఆనిచ్చి, ఆ బంతిని నిలబెట్టి ఒక్క వేలు పెట్టి కూసునేది. వాడు వెనుకకు పోయి, పక్కకు జరిగి, ఉరికొచ్చేది. ఆ బూటు వస్తుంటే పట్టాల మీద కూసొని రైలును చూసినట్టే ఉంటుండె నాకు. కండ్లు గట్టిగ మూసుకొని, "పైలం బిడ్డా! నా వేళ్లు!" అని ఒర్లేది. ప్రతిసారి ఒర్లేది. ఒర్లకుంటే ఏదో అయితదని భయం.

ఒకనాడు బూటు ముక్కు నా గోరుకు రాసుకున్నది. నొప్పి కూడ కాలే. వాడు బంతి ఎటు పోయిందో చూడనే లేదు. ఉరికొచ్చి నా చెయ్యి తాకి కండ్లకద్దుకున్నడు. "అమ్మా, తప్పయింది, తప్పయింది" అని. చిన్నప్పటి సంది నేను నేర్పిందే. పుస్తకానికి కాలు తాకితే మొక్కు, అన్నం గిన్నెకు తాకితే మొక్కు, మనిషికి తాకితే మొక్కు. పెద్దోళ్ల ముందట కాళ్లు సాపుకొని కూసుంటే వీపు మీద ఒక్కటి ఏసేదాన్ని.

ఆ దినం తర్వాత తన్నే సప్పుడు తగ్గింది. పేలినట్టు ఉండుడు పోయి, తలుపు మెల్లగ దగ్గరికేసినట్టు వస్తుండె. నాకు సంబురమైంది. కాలు వాని అదుపుల ఉన్నది అనుకున్న.

ఉమ్ సలాల్‌ల తోట పని చేసే లస్మయ్య మామ శుక్రవారాలు వస్తుండె. మా ఆయన వాళ్ల ఊరాయన, వరుసకు చిన్నాయన. తోటల కోసిన పుంటికూర సంచిల పట్టుకొని, బస్సులు మారి మారి, చెమటలు కక్కుకుంట వస్తడు. ఆయన వచ్చేసరికి మేం ఇసుకల ఉన్నం.

"ఏందే కోడలా, కొడుకు ముంగట మోకాళ్ల మీద కూసున్నవ్? ఏం తప్పు చేసినవ్?"

"ఆట మామా. బంతి పట్టాలెనట."

"ఇది బంతా? ఏ పక్షి పెట్టిందో గుడ్డు అనుకున్న. లే, నేను పడ్త. నీ మొహం చూస్తే పిలగాడు బంతిని గాదు, నిన్నే చూస్తున్నడు."

సంచి పక్కకు పెట్టి కూసున్నడు. "తన్నురా మనుమడా. నా వేలు ఇరిగితే ఇరగనీ. సెలవు అడిగితే మా సేటు రేపు రేపు అని రెండేండ్ల సంది తిప్పుతుండు. వేలు ఇరిగితేనన్న ఊరికి తోలుతడు."

తిరుమల్ ఉరికొచ్చిండు. బంతి అట్ల లేసి ఇట్ల పడ్డది.

"గింతేనా? మా బర్రె తంతే ఇంతకంటే దూరం పోతది గదరా!"

"నీకు తాకకుండ తన్నాలె గద తాతా" అన్నడు తిరుమల్.

"తాకితే ఏమైతదిరా, నేనేమన్న గాజు గిలాసనా?"

"తాతవు గద."

లస్మయ్య మామ నా దిక్కు చూసిండు. పిలగానికి పెద్దా చిన్నా ఎరుకని నేను మురుసుకుంట పుంటికూర వలుసుకుంట కూసున్న. చాయ్ తాగేటప్పుడు మామ, "వాన్ని ఈడనే ఉంచుకో కోడలా, ఎట్లన్న చెయ్యి" అన్నడు. "నా కొడుకుకు మీసాలు వచ్చినయని నాకు ఫోన్ల ఎరుకైంది." ఆ మాట అన్నంక ఆయన బస్సుకు టైమైందని లేసిండు.

మా ఆయన ఆ వారాలల్ల ఇంటికి వచ్చుడు, తినుడు, పడుడు. ఒకసారి తినుకుంటనే అన్నడు, "వరల్డ్ కప్ అయిపోతే మా కంపెనీ ఉంటదో ఉండదో. నేను ఈడ ఉంటనో ఉండనో. వాని చదువు ఈడ మొదలైతే మనం కూడ ఎట్లన్న ఆగుతం." తిన్న చెయ్యి ఎండిపోతున్నా అట్లనే కూసున్నడు. "సునందా, వాని కాలు మీదనే ఉన్నదే అంతా." ఇంకా బరువు పెట్టిండు ఆ కాలు మీద.

చూపించే దినం మా ఆయన వస్తనన్నడు. పొద్దుగాలనే ఫోన్ వచ్చింది, కొత్త క్రేన్ సైటుకు వచ్చిందట, ఆయన లేకుంటే కాదట. తల్హా కారు తెచ్చి మా ఇద్దరిని తీసుకపోయిండు. తోవ మూసి ఉంటే తిరిగి తిరిగి, మళ్ల మూసి ఉంటే మళ్ల తిరిగి పోయినం. ఆ తిరుగుడుకే నాకు తల నొచ్చింది.

గ్రౌండ్ అంటే ఎంత గ్రౌండ్! ఇంత ఎడారిల అంత పచ్చగడ్డి ఎట్ల పెంచిన్రో. ఆ కొసకు రెండు పొడుగు కంబాలు, నడుమ అడ్డకర్ర. బంతి ఆ కర్ర మీదికెళ్లి, కంబాల నడుమకెళ్లి పోవాలె. టీము పిలగాండ్లు ఇనుప జాలి హెల్మెట్లు పెట్టుకొని, భుజాలకు దిండ్ల అసొంటివి కట్టుకొని ఉన్నరు. ఒక్కొక్కడు ఒక్కొక్క బీరువా.

మొదట పీట మీద తన్నిండు. బంతి కంబాల నడుమకెళ్లి పోయి అవుతల పడ్డది. ఇంకా వెనుకకు జరిపిన్రు. పోయింది. ఇంకా జరిపిన్రు. పోయింది. కోచ్ తన టోపీ ఎనుకకు తిప్పి పెట్టుకున్నడు. తల్హా నా దిక్కు చూసి బొటనవేలు లేపిండు.

తర్వాత తల్హా మోకాలు మీద కూసొని బంతి పట్టిండు. తిరుమల్ ఉరికొచ్చి తన్నిండు. బూటు తల్హా చేతికి రాసుకున్నట్టున్నది. బంతి ఇంకా గాలిలనే ఉన్నది, మావోడు ఒంగి తల్హా చెయ్యి తాకి కండ్లకద్దుకున్నడు. టీము పిలగాండ్లు గొల్లుమన్నరు. ఒకడు తన దోస్తు కాలు తొక్కి, ఒంగి మొక్కినట్టు చేసి చూపించిండు. మళ్ల గొల్లుమన్నరు.

"అరె భాయ్, ఏం గాదు, తన్ను" అన్నడు తల్హా.

మళ్ల తన్నిండు. బంతి కర్ర దాక పోనే లేదు. మళ్ల. ఇంకా ముందే పడ్డది. పట్టేటోన్ని మార్చిన్రు. అంతే. పీట మీద పెడ్తె పోయే బంతి, మనిషి చెయ్యి పెడ్తె పోతలేదు. కోచ్ గడ్డం గోక్కున్నడు. పీట పెట్టించిండు. పోయింది. మనిషిని పెట్టించిండు. పోలె.

నాకు అప్పుడు సమజైంది. అందరు బంతిని చూస్తున్నరు. నేను కాలును చూసిన. ఉరికొచ్చినప్పుడు మంచిగనే వస్తున్నది. ఆఖరుకు, సరిగ్గ చెయ్యి దగ్గరికి వచ్చినంక, పెద్దోళ్ల ముందట మెల్లగ అడుగేసినట్టు మెత్తబడ్తున్నది. ఇన్ని దినాలు ఇసుకల కూసొని "పైలం" అని నేను ఒర్లిన ఒర్లుడు ఆ కాల్ల కూసున్నది.

తల్హాను పిలిచిన. "బిడ్డా, మీ కోచ్‌కు చెప్పు. పిలగాడు భయపడ్తలేడు. మనిషికి కాలు తాకొద్దని నేను పెంచిన. బంతి పట్టింది నేనే. నా వేళ్లు కాపాడుకుంట కాపాడుకుంట వాడు అట్లయిండు."

తల్హా చానసేపు చెప్పిండు. వాళ్ల ఇంట్ల కూడ అంతే కాబట్టి మంచిగనే చెప్పి ఉంటడు. కోచ్ తల ఊపిండు. ఏం గాదని మీరే చెప్పి చూడుండ్రి, తల్లి చెప్తె ఇంటడేమో అన్నడట.

గడ్డిల నడిచి వాని దగ్గరికి పోయిన. "బిడ్డా, తాకినా ఏం గాదు. నేనే చెప్తున్న. గట్టిగ తన్ను."

"నాకు తెలుసమ్మా" అన్నడు తిరుమల్. కండ్లల్ల నీళ్లు ఆపుకుంటున్నడు. "నాకు తెలుసు గని కాలుకు తెలుస్తలేదు."

మళ్ల తన్నిండు. అట్లనే పడ్డది.

కోచ్ గడియారం చూసుకున్నడు. తల్హా తలకాయ ఒంచుకొని వచ్చి, రేపు ఇంకొక పిలగాడు వస్తున్నడట, ఈజిప్టు వాళ్ల పిలగాడట, వాన్ని కూడ చూస్తరట అన్నడు. నాకు హైదరాబాద్ హాస్టల్ పిట్టగోడ మళ్ల కనవడ్డది. కాలు ఇరగదు అన్న నెమ్మది కూడ కలుగలె. ఒక భయం పోతే ఇంకొకటి ఆ జాగల వచ్చి కూసుంటది, అంతే.

తిరుమల్ దూరం పోయి, అంతదాక పోకుండ పడ్డ బంతులు ఏరుతున్నడు. ఒక్కొక్కటి చేతుల పట్టుకొని రావాలె. వానికి కోపమొచ్చినట్టున్నది. గోల్‌కీపర్లు తన్నినట్టు, చేతులల్లకెళ్లి బంతిని కిందికి వదిలి, నేలకు ముట్టకముందే ఒక్క తన్ను తన్నిండు.

ఫట్టుమని పేలింది. ఆ బంతి తిరుక్కుంట మీదికి పోయింది, పోయింది, కిందికి రాదేమో అనుకున్న. మా అందరి నెత్తుల మీదికెళ్లి పోయి కార్లు ఆపిన కాడ పడ్డది. ఎవరిదో కారు కుయ్యి కుయ్యి మని మొత్తుకున్నది.

"సారీ సార్!" అన్నడు తిరుమల్.

కోచ్ మెల్లగ ఇటు తిరిగిండు. ఇంకొకటి తన్నుమని చేతితోని చూపించిండు. ఇంకొకటి. ఇంకొకటి. టీము పిలగాండ్ల నవ్వులు ఆగిపోయినయి.

"ఆంటీ!" అని తల్హా ఉరికొచ్చిండు. "ఇది కూడ ఆటల ఉన్నది. ఇట్ల తన్నేటోన్ని పంటర్ అంటరు. బంతి మన చేతులల్ల ఉన్నప్పుడు ముందుకు పోయే దారి లేకపోతే, ఇట్ల దూరం తన్ని అవుతలోళ్లకు అప్పజెప్పాలె. పట్టేటోడు ఉండడు, ఎవరి చెయ్యీ అడ్డముండదు. చదువు అయిపోయి పోతున్నోడు రెండు పనులు ఒక్కడే చేస్తుండె. రేపొచ్చే పిలగాడు కూడ రెండూ చేస్తే మనకు జాగ ఉండదు. ఇయ్యాల మీరు సరే అంటే ఈ పని తిరుమల్‌కే ఇస్తడట."

"సీటు?"

"సీటు కూడ."

"ఈ తన్నేటోడు ఏడ నిలబడ్తడు?"

తల్హా నవ్వు తగ్గించిండు. "ఎనుక. అందరికంటే ఎనుక."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

"మరి అవుతలోళ్లు?"

"వాళ్లు... బంతి తన్నకముందే ఆపాలె గద ఆంటీ. కొందరు ఉరికొస్తరు. ముట్టుకోవద్దు గని, మీదికి ఉరికొస్తరు."

ఆ బీరువాలను చూసిన. బంతి పట్టుకొని ఆకాశం దిక్కు చూస్తున్న నా కొడుకును చూసిన. మా ఆయనకు ఫోన్ చేసిన. ఎత్తలె. మళ్ల చేసిన. ఎనుక మోటర్ల సప్పుడు.

"ఏందే, జల్ది చెప్పు, క్రేన్ కింద ఉన్న."

"క్రేన్ కింద ఎందుకున్నవ్!"

"కింద అంటే పక్కన. చెప్పు."

చెప్పిన. ఆయనకు సగం ఇనవడ్డది, సగం ఇనవడలె. "నన్నడుగుతే నేనేం చెప్పాలె సునందా? నువ్వు అక్కడున్నవ్, నువ్వు చూసి చెప్పు."

"నాకు భయమైతున్నది."

"నాకు కూడ భయమే. ఈ కొత్త క్రేన్ చూస్తే కూడ భయమే. కాయిదం మీద ఎన్ని టన్నులు రాసినా నమ్మం. మనుషులను దూరం నిలబెట్టి, నిండ బరువు కట్టి, ముందుగాల ఒకసారి లేపి చూస్తం. అప్పుడే సంతకం." అవుతల ఎవరో యల్లా యల్లా అని పిలుస్తున్నరు. "ఇగ పోవాలె" అని పెట్టేసిండు.

ఫోన్ చున్నీల చుట్టుకున్న. తల్హాతోని అన్న, "మీ కోచ్‌కు చెప్పు. వాళ్లను నిజంగ ఉరకమను. ఇప్పుడే. నా ముందట."

కోచ్ రెండుసార్లు అడిగిండట, ఈమె అన్నది ఇదేనా అని. ఇదే అన్న. తిరుమల్‌కు హెల్మెట్ పెట్టిన్రు, భుజాలకు దిండ్లు కట్టిన్రు. మావోడు అందుల మునిగిపోయిండు. దూరంగ, ఎనుక, ఒక్కడే నిలబడ్డడు. టీముల సగం మంది వాని దిక్కు చేరి ముందట అడ్డం నిలబడ్డరు. అవుతల మిగిలిన బీరువాలు.

కోచ్ ఈల ఊదిండు. ఉరికొచ్చిన్రు. తిరుమల్ తన్నిండు. బీరువాలు వాని పక్కలకెళ్లి చేతులు లేపుకుంట పోయినయి. నేను కండ్లు మూసుకోలె. మూసుకోవద్దని పండ్లు బిగవట్టిన.

"అయిపోయింది ఆంటీ. చూసిన్రు గద?"

"అది ఉత్తుత్తి ఉరుకుడు. తల్లి చూస్తున్నదని మెల్లగ వచ్చిన్రు. నిజంగ రమ్మను."

తల్హా అది చెప్తె ఆ పిలగాండ్లకు పౌరుషం వచ్చినట్టున్నది. ఈసారి నేల అదిరింది. ముందట అడ్డం ఉన్నోళ్లను తోసుకొని ఒకడు వచ్చిండు. ఇందాక మొక్కినట్టు చేసి నవ్వినోడే. తిరుమల్ తన్నిండు. ఆ పిలగాడు ఆగలేకపోయిండు. ఇద్దరు కలిసి పడ్డరు. మావోడు కింద, వాడు మీద.

ఎప్పుడూ ఒర్లేదాన్ని, ఒర్లుడు మరిచిపోయిన. గడ్డి మీద ఆ రెండు హెల్మెట్లు, నాలుగు కాళ్లు. ఏ కాలు ఎవరిదో తెలువలె.

మీదోడు లేసిండు. చెయ్యి ఇచ్చిండు. మావోడు ఆ చెయ్యి పట్టుకొని లేసిండు. మోకాలు దులుపుకున్నడు. లేసిండో లేదో, పడ్డప్పుడు తన బూటు తాకిందేమో, వాని చెయ్యి ముట్టి కండ్లకద్దుకున్నడు. ఈసారి ఆ పిలగాడు నవ్వలె. ఏం చెయ్యాల్నో తెలువక వాడు కూడ అట్లనే మావోని చెయ్యి ముట్టి తన హెల్మెట్ జాలికి ఆనిచ్చుకున్నడు.

బంతి ఎక్కడ పడ్డదో చూసొచ్చి ఒకడు దూరం నుంచి చేతులు ఊపిండు. కోచ్ నా దిక్కు చూసిండు.

"ఇంకోసారి" అన్న.

ఇంకోసారి ఉరికిన్రు. ఇంకోసారి అన్న. మళ్ల ఉరికిన్రు. తిరుమల్ ఒకసారి పడ్డడు, ఒకసారి పడలె. పిలగాండ్లు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ఒగరుస్తున్నరు. ఒకడు గడ్డి మీద ఎల్లెలుకల పడిపోయిండు.

"ఎన్నిసార్లు ఆంటీ?" అన్నడు తల్హా.

"నా భయం పోయేదాక."

"గట్లయితే వరల్డ్ కప్ అయిపోతది ఆంటీ."

నాకు నవ్వొచ్చింది. అక్కడనే గడ్డి మీద కూసున్న. భయం పోలె. పోదు కూడ. ఉరికి ఉరికి ఆ పిలగాండ్లు అలసిపోయినట్టే అది కూడ అలసిపోయి పక్కన కూసున్నది.

"సరే అని చెప్పు" అన్న.

కోచ్ వచ్చి నా ముందట గడ్డి మీద కూసున్నడు, అంత మనిషి. చెయ్యి సాపిండు. నేను రెండు చేతులు జోడించిన. ఆయన కూడ జోడించిండు.

"ఈ ఆట సాధన ఎప్పుడెప్పుడు ఉంటదో అడుగు" అన్న తల్హాతోని.

"కాలేజీ షురువైనంక, వారంల ఎక్కువ దినాలు సాయంత్రం ఉంటది ఆంటీ."

"నన్ను ఇక్కడ కూసోనిస్తరా?"

తల్హా అడిగిండు. కోచ్ గ్రౌండ్ పక్కన మెట్లు చూపించిండు. ఎండ ఉంటది, గొడుగు తెచ్చుకోమన్నడట.

తిరుమల్ హెల్మెట్ తీసి చంకల పెట్టుకొని వచ్చిండు. మొహం నిండ గడ్డి, చెమట. "ఐన్ ఖాలిద్ నుంచి ఇంత దూరం రోజూ వస్తవా అమ్మా? ఎందుకు? ఇంట్ల ఉండరాదు? పడేది ఇంతే, చూసినవు గద."

"నేను ఇంట్ల కూసుంటే నువ్వు ఇంతకంటే ఎక్కువసార్లు పడ్తవురా" అన్న. లేవడానికి వాని భుజం పట్టుకున్న.